ప్రసాదము – పథ్యము

భగవంతునకు నివేదింపబడిన అన్నము అన్నమాత్రము కాదు; అది ప్రసాదము. ప్రసాదమనగా ప్రసన్నత, అనుగ్రహము. ఆ శబ్దములోనే దాని మహిమ ఇమిడియున్నది. వంటశాలయందు బియ్యముగా, బెల్లముగా, నేయిగా ఉన్న పదార్థమే స్వామి సన్నిధికి పోయి తిరిగి వచ్చునప్పటికి మరియొకటి అగుచున్నది. కనుకనే వైష్ణవుడు దానిని రుచి చూచి పుచ్చుకొనడు, కన్నులకద్దుకొని పుచ్చుకొనును. చల్లారినదని గాని, కొంచెమని గాని, తనకు ఇష్టము లేనిదని గాని దానిని నిరాకరించుట మర్యాద కాదని పెద్దలు నేర్పినారు.

ఐనను ఈ మర్యాదకు నేటి కాలమున ఒక ధర్మసందేహము ఎదురుపడినది. గోదావరీతీరమున వెలసిన ధర్మపురి శ్రీ లక్ష్మీనృసింహస్వామి సన్నిధికిని, కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికిని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల నుండియు, చుట్టుపట్ల పల్లెల నుండియు నిత్యము కుటుంబములు వచ్చుచుండును. వారిలో మధుమేహముతో బాధపడువారు ఎందరో కలరు. దర్శనమైనది, తీర్థమైనది, శఠారి ఐనది, ప్రసాదము చేతిలో పడినది. అప్పుడు ఆ చేయి ఒక్క క్షణము ఆగుచున్నది. తినినచో వైద్యుని మాట తప్పినట్లు. తినకున్నచో స్వామి ప్రసాదమును కాదనినట్లు. ఈ రెండింటిలో ఏది అపచారము?

ఈ సందేహమునకు లోకములో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. "స్వామి ప్రసాదము కీడు చేయునా? నమ్మి తినుము, ఏమియు కాదు" అనునది మొదటిది. "ప్రాణము కంటె ప్రసాదము ఎక్కువా? ముట్టనే వలదు" అనునది రెండవది. మొదటిది భక్తివలె కనబడును; రెండవది వివేకమువలె కనబడును. విచారించి చూచినచో రెండును సగము సత్యములే. మిగిలిన సగము తెలియవలెనన్న వ్యాధి స్వరూపమును, శరీర స్వరూపమును, ప్రసాద స్వరూపమును వేరువేరుగా పరిశీలింపవలెను.

జనులు వాడుకలో 'షుగరు' అని పిలుచు ఈ వ్యాధి మన పూర్వులకు క్రొత్తది కాదు. ఆయుర్వేద సంహితలలో ప్రమేహము ఇరువది విధములని చెప్పబడినది. అందు కఫజములు 10, పిత్తజములు 6, వాతజములు 4. వాతజములలో ఒకటి మధుమేహము. రోగి మూత్రమునకు చీమలు చేరుటను కూడ ఆ మహర్షులు గమనించి వ్రాసియున్నారు. కదలక సుఖముగా కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు మితిమీరుట ఈ వ్యాధికి హేతువులని చరకుడు చెప్పినాడు. సుశ్రుతుడు దీనిని పుట్టుకతో వచ్చునది, అపథ్యముచే వచ్చునది అని రెండు తెగలుగా విభజించినాడు. చికిత్సలో యవధాన్యమునకు ప్రాధాన్యమిచ్చి, దూరము నడచుట, గోవుల వెంట తిరుగుట, బావి త్రవ్వుట వంటి దేహశ్రమను విధించినారు. ఆహారము, శ్రమ అను రెండే ఆనాటి వైద్యమునకు రెండు కన్నులు.

నేటి వైద్యశాస్త్రము దీని లోపలి మర్మమును విడమరచి చెప్పుచున్నది. మనము తిన్న అన్నము జీర్ణమై చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను దేహకణములలోనికి పంపుటకు క్లోమగ్రంథి ఇన్సులిను అను రసమును స్రవించును. ఆ రసము చాలకపోయినను, ఉన్న రసము సరిగా పనిచేయకపోయినను చక్కెర రక్తములోనే నిలిచిపోవును. 1921లో కెనడా దేశమునందలి టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు ఇన్సులినును వేరుచేసినారు. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారిగా ఇచ్చినారు. అంతకు పూర్వము ఆహార నియమము తప్ప వైద్యుని చేతిలో వేరు ఆయుధము లేదు. మందులు ఎన్నియో వచ్చిన నేటికిని ఆ నియమము పునాదిగానే ఉన్నది.

పరగడుపున రక్తములో చక్కెర డెసిలీటరునకు 100 మిల్లీగ్రాములకు లోపు ఉండుట ఆరోగ్యము. 126 గాని అంతకు మించి గాని ఉండుట మధుమేహము. నడుమ ఉన్నది హెచ్చరిక. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశములో మధుమేహరోగులు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. కనుక ఇది ఒక ఇంటి సమస్య కాదు. ప్రసాదము ముందు ఆగిన ఆ చేయి ఒకటి కాదు, కోట్ల చేతులు.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. "తిండిపోతుకు వచ్చు రోగము", "చేసుకొన్న కర్మ" అని రోగిని తేలికగా నిందించువారు కలరు. జగిత్యాల, సిరిసిల్ల సీమల చరిత్రను చూచినవారు ఆ మాట అనజాలరు. ఒకప్పుడు ఈ మెట్టనేలలో సామాన్యుని కంచములో జొన్న గట్క, మక్క గట్క, అంబలి, జొన్నరొట్టె ఉండెడివి. అనేక ఇండ్లలో తెల్లని అన్నము పండుగనాటి మాట. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగరమునకు శంకుస్థాపన జరిగినది. కాలక్రమమున కాకతీయ కాలువ నీరు పారినది, మెట్ట మాగాణి ఐనది, వరి పెరిగినది. జగిత్యాల ప్రక్కనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమునుండి వచ్చిన 'జగిత్యాల సన్నాలు' అను వరి వంగడము ఊరి పేరును దూరదూరములకు కొనిపోయినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము పేదవాని గడపకు అన్నమును తెచ్చినది. 2025 ఉగాదినుండి తెలంగాణమున రేషను దుకాణములలో సన్నబియ్యమే పంచుచున్నారు. ఆకలి తీరుట మహోపకారము. దానిని దూషించుట కృతఘ్నత. అన్నమును నిందింపరాదని ఉపనిషత్తు శాసించినది కదా! ఐతే ఒక తరములో మూడుపూటల కంచము మారినది. దేహములు ఆ మార్పునకు ఆయత్తము కాలేదు.

ఆహారముతోపాటు శ్రమ కూడ మారినది. కాడి పట్టినవాని స్థానములో ట్రాక్టరు వచ్చినది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములలో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని తెల్లవారినది మొదలు బీడీలు చుట్టుదురు. గంటల తరబడి కూర్చుండుట వారికి సుఖాసనము కాదు, జీవనాధారము. సిరిసిల్ల మరమగ్గముల వద్ద కార్మికుడు నిద్ర ఆపుకొనుటకు రాత్రియెల్ల చక్కెర వేసిన టీ త్రాగును. గల్ఫు దేశములకు పోయినవాడు పని ముగించుకొని వచ్చి, ఏది తక్కువ శ్రమతో ఉడుకునో దానినే తినును. వీరిని ఏ నోటితో తిండిపోతులనగలము? పుట్టుకతో వచ్చు తెగ కలదని సుశ్రుతుడే చెప్పియుండగా, ప్రతి రోగిని అపరాధిగా చూచుట శాస్త్రమునకు గాని, దయకు గాని తగదు. వ్యాధి వచ్చుటకు రోగి ఒక్కడే కర్త కాడు. వచ్చిన తరువాత ఎట్లు మెలగవలెనన్న విషయములో మాత్రము అతనికి కొంత కర్తృత్వము కలదు. ధర్మవిచారము ఆ కొంత మేరకే.

ఇక శరీర స్వరూపము. ఈ దేహము ఎవరిది? "నాది, నా ఇష్టము" అని లౌకికుడనును. శ్రీవైష్ణవ సిద్ధాంతము ఆ మాటను ఒప్పదు. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. జీవునకు అంటియున్న దేహము కూడ ఆ స్వామి సొత్తే. దేవాలయపు మాన్యమును చూచుకొను ధర్మకర్త ఆ భూమిని తన చిత్తము వచ్చినట్లు అమ్ముకొనజాలడు, పాడుపెట్టజాలడు. కైంకర్యమునకు పనికివచ్చునట్లు కాపాడుట అతని విధి. దేహము విషయములో జీవుని స్థితియు అట్టిదే. కన్నులు స్వామిని సేవించుటకు, కాళ్ళు ప్రదక్షిణమునకు ఇయ్యబడినవి. నిర్లక్ష్యము చేయబడిన మధుమేహము మొదట దెబ్బతీయునవి ఏవి? కన్నులు, కాళ్ళలోని నరములు, మూత్రపిండములు, గుండె. మూలమూర్తిని చూడవలసిన చూపును, ఏడుకొండలు ఎక్కవలసిన పాదములను జిహ్వకు ధారపోయుట స్వామి మాన్యమును అన్యాక్రాంతము చేయుటయే కదా!

భగవద్రామానుజులు శ్రీభాష్యమున ధ్రువానుస్మృతికి ఏడు సాధనములను పేర్కొన్నారు. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అనునవి అవి. అందు మొదటిదైన వివేకమునకు అర్థము ఆహార విషయమైన శుద్ధియే. పదార్థము యొక్క జాతివలన, ఇచ్చినవాని ఆశ్రయమువలన, వెండ్రుక మొదలగు నిమిత్తమువలన కలుగు దోషములు లేని అన్నముచేత దేహము శుద్ధిపొందవలెనని భావము. మోక్షసాధనముల వరుసలో అన్నమునకు మొదటిమెట్టు ఇయ్యబడుట గమనింపదగినది. తినుటను తుచ్ఛమైన లౌకిక విషయముగా ఆచార్యులు త్రోసివేయలేదు.

ఇచట ఒక ఆక్షేపము పుట్టును. ప్రసాదమునకు జాతిదోషము లేదు, ఆశ్రయదోషము లేదు, నిమిత్తదోషము లేదు. మూడు దోషములు లేని అన్నము హాని ఎట్లు చేయును? దీనికి సమాధానము ఏమనగా, శుద్ధి వేరు, పరిమాణము వేరు. యజ్ఞశాలయందలి అగ్ని పరమపవిత్రము. ఐనను అందు చేయి పెట్టినవాని చేయి కాలును. అగ్ని పవిత్రత తగ్గలేదు, దాని స్వభావమును మారలేదు. పదార్థములకు స్వభావమును నియమించినవాడును ఆ పరమాత్మయే. ప్రసాదములోని పావనత్వము ఆత్మను తాకును. దానిలోని బెల్లము రక్తమును తాకును. రెండును స్వామి శాసనములే. గీతాచార్యుడు శుద్ధమైన ఆహారముతో ఊరకొనక యుక్తమైన ఆహారమును విధించినాడు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము లేదని కంఠోక్తిగా చెప్పినాడు. మితము లేని శుద్ధి సగము శుద్ధియే.

మరికొందరు ప్రహ్లాదుని ఉదాహరింతురు. "ఆ బాలునకు అన్నములో విషము కలిపి పెట్టిననుగూడ ఏమియు కాలేదు, నృసింహుని నమ్మిన మనకు లడ్డూ ఏమి చేయును?" అని వారి వాదము. ప్రహ్లాదుని కథను నిదానముగా చూడవలెను. విషము అతనికి బలవంతముగా పెట్టబడినది. అతడు కోరి తినలేదు. స్వామిని పరీక్షించు తలంపు అతనికి లేదు. తప్పించుకొను దారి లేనపుడు స్మరణను విడువలేదు; అది భక్తి. తప్పించుకొను దారి ఎదుట ఉండగా, కోరిన రుచిని కోరినంత అనుభవించి, పర్యవసానమును మాత్రము స్వామి తలపై పెట్టుట భక్తి కాదు. రక్షించుమని శరణుజొచ్చుట ఒకటి. రక్షించునో లేదో చూతమని తెగించుట వేరొకటి.

ఐనచో ప్రసాదమును ముట్టరాదా? అదియు కాదు. రెండవ పక్షమువారి పొరపాటు ఇచటనే ఉన్నది. ప్రసాదమును స్వీకరించుటకు, కడుపు నిండ తినుటకు సంబంధము లేదు. సన్నిధిలోని మర్యాదలను ఒక్కసారి స్మరింపుడు. తీర్థము ఎంత ఇత్తురు? ఒక్క ఉద్ధరిణి. చెంబెడు తీర్థము పోయుమని ఏ భక్తుడును అడుగడు. తులసి ఎంత? ఒక్క దళము. శఠారి ఎంతసేపు? ఒక్క స్పర్శ. ఈ మూడింటియందు అల్పమే పూర్ణమని అందరకు తెలిసియున్నది. తీయని ప్రసాదము దగ్గర మాత్రము ఆ సూత్రము మరపునకు వచ్చుచున్నది. అచట తృప్తి కోరుచున్నది భక్తి కాదు, నాలుక. అరణ్యవాసములో ద్రౌపది అక్షయపాత్రకు అంటుకొనియున్న ఒక్క మెతుకును, కూరాకును స్వీకరించి శ్రీకృష్ణుడు దుర్వాసుని పరివారమునకెల్ల కడుపు నింపినాడు. భక్తుడిచ్చిన కణముతో భగవంతుడు తృప్తిపొందినప్పుడు, భగవంతుడిచ్చిన కణముతో భక్తుడు తృప్తిపొందరాదా?

కనుక మధుమేహరోగి ప్రసాదమును రెండుచేతుల స్వీకరింపవలెను, కన్నులకద్దుకొనవలెను, కణమంత నోట వేసికొనవలెను, మిగిలినది పిల్లలకు, పొరుగువారికి, క్యూలో ప్రక్కనున్న అపరిచితునకు పంచవలెను. ప్రసాదమును పంచుట తినుట కంటె తక్కువ పుణ్యము కాదు. ఇట్లు చేసినవాడు స్వామిని కాదనలేదు, వైద్యుని కాదనలేదు. అతడు కాదనినది తన నాలుకను మాత్రమే. దానినే పెద్దలు విమోకమనినారు. విమోకమనగా కోరికకు కట్టుబడకుండుట.

ఈ వివేకము ఇంటి భోజనమునందును అవసరము. అందును తెలియక చేయు పొరపాట్లు కొన్ని కలవు. "పులిహోర తీపి కాదు గనుక దోషము లేదు" అనుట మొదటిది. 200 గ్రాముల అన్నములో సుమారు 55 గ్రాముల పిండిపదార్థము ఉండును. అది జీర్ణమై చక్కెరగానే మారును. చెంచాలతో కొలిచినచో పది చెంచాల చక్కెరకు తక్కువ కాదు. "చక్కెర చెడ్డది, బెల్లము మంచిది" అనుట రెండవది. రక్తమునకు ఆ రెంటి భేదము స్వల్పము, తేనెయు అంతియే. "రాగులు గనుక ఎంత జావ త్రాగినను మేలే" అనుట మూడవది. మెత్తగా విసరి పలుచగా కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగానే పెంచును. అదే ధాన్యము రొట్టెగా, కూరతో కలిపి తినినచో నెమ్మదించును. "కాకరరసము త్రాగుచున్నాను గనుక మాత్రలు వలదు" అనుట నాలుగవది. ఇది అన్నిటి కంటె ప్రమాదకరము. కూర కూరయే, మందు మందే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలు సామాన్యులకందరకు ఒక కొలత చెప్పుచున్నవి. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. ధాన్యమునుండి వచ్చు శక్తి రోజు మొత్తములో 45 శాతమునకు మించరాదు. ఇది సంపన్నుల భోజనము కాదు. బీర, గోరుచిక్కుడు, కాకర, తోటకూర, పుంటికూర ఈ సీమ పెరళ్ళలో పండునవే. పెసరపప్పు, ఉలవలు, పలుచని మజ్జిగ ఎరుగని ఇల్లు లేదు. తాతలనాటి జొన్నరొట్టె మరల కంచమెక్కుట అవమానము కాదు. మొదట కూర, పప్పు తిని పిదప అన్నమును కొలతగా తినుట, భోజనానంతరము కొంతసేపు నడచుట వలన చక్కెర పెరుగుదల మందగించును. పండు కొరికి తినుట మేలు. రసము పిండి త్రాగుట మేలు కాదు. ఎవరికెంత అన్నది మాత్రము వారి వయస్సును, మందును, పనిని చూచి వైద్యుడే నిర్ణయింపవలెను. మూత్రపిండములు దెబ్బతినినవారికి పప్పు, పండ్ల కొలతలు వేరుగా ఉండును. చరకుడు కూడ ప్రమేహరోగులలో స్థూలుని వేరుగను, కృశించినవానిని వేరుగను చూడుమని చెప్పినాడు. ఒకని పథ్యము వేరొకనికి అపథ్యము కావచ్చును.

ఉపవాస విషయము ఇంకను సున్నితమైనది. ఏకాదశినాడు నిరాహారముగా ఉండువారు, దర్శనమగువరకు ఏమియు ముట్టని నియమము గలవారు, కొండగట్టు హనుమద్దీక్షలో ఏకభుక్తము చేయువారు ఈ సీమలో ఎందరో. ఇన్సులిను గాని, చక్కెరను బాగుగా తగ్గించు మాత్రలు గాని వాడువారు ఆ మందు పుచ్చుకొని తినకున్నచో రక్తములో చక్కెర 70కి దిగువకు జారును. చెమటలు, వణకు, కండ్లు తిరుగుట, మాట తడబడుట మొదలగును, స్మృతి తప్పును, ప్రాణమునకే ముప్పు వచ్చును. మందు మాని ఉపవసించుటయు అంతే అపాయము. వ్రతము పూనుటకు ముందే వైద్యునితో ఆలోచించి మందు వేళలను సరిచూచుకొనవలెను. వ్రతమును చెరుపనివి ఎనిమిది అని ధర్మజ్ఞులు గణించినారు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. కడపటి రెంటిని గమనింపుడు. ఔషధము వ్రతమును చెరుపదు. గురువు మాట వ్రతమును చెరుపదు. రోగి విషయములో ఔషధమునకు తోడుగా తినవలసిన ఆహారము ఔషధములో భాగమే. ఏకాదశి ఫలము ఉపవాసములో, అనగా స్వామికి సమీపముగా వసించుటలో ఉన్నది. స్పృహ తప్పి పడిపోవుటలో లేదు.

ఇచటనే ఒక ఆశ్చర్యము కలదు. చక్కెర జారిన ఆ క్షణమున, నిన్నటివరకు అపథ్యమైన తీపియే ప్రాణదాత అగుచున్నది. స్పృహ ఉన్న రోగికి మూడు చెంచాల చక్కెరను, అనగా సుమారు 15 గ్రాములను నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. పదునైదు నిమిషములకు మరల చూడవలెను. నేయి కలిసిన లడ్డూ కంటె చక్కెర నీరు త్వరగా పనిచేయును. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు, వైద్యశాలకు చేర్చవలెను. నిన్న వలదనిన వస్తువే నేడు వలసినదైనప్పుడు, దోషము వస్తువులో లేదు, కాలములోను పరిమాణములోను ఉన్నదని స్పష్టమగుచున్నది. తీపిని ద్వేషించుటయు, తీపికి దాసుడగుటయు రెండును అజ్ఞానమే.

ఇంతవరకు రోగి ధర్మము చెప్పబడినది. పెట్టువాని ధర్మము కూడ కలదు. అది తరచుగా మరువబడుచున్నది. పెండ్లిలో గాని, పండుగలో గాని "ఒక్క లడ్డు తింటే ఏమైతది బావా, మా మీద ప్రేమ లేదా?" అని బలవంతపెట్టుట మన ఇండ్లలో ఆదరణగా చెల్లుచున్నది. అతిథికి ప్రియమైనది పెట్టుట మర్యాద. అతిథికి హితమైనది పెట్టుట ధర్మము. రెండును కలియనిచోట హితమునే ఎన్నుకొనవలెను. వలదనినవానిని మరల అడుగకుండుటయే అతనికి చేయు సత్కారము. స్వామి నివేదనములలోనే మార్గము చూపబడినది. శ్రీరామనవమికి పానకమును, వడపప్పును కలిపియే నివేదింతుము. పానకము బెల్లపునీరు, వడపప్పు నానిన పెసరపప్పు. ఒకే స్వామికి రెండును ప్రీతికరములే. మధుమేహరోగికి వడపప్పు ఒక గుప్పెడు ఇచ్చి పానకము ఒక ఉద్ధరిణి పోసినచో అతనికి లోటు ఏమి? గుగ్గిళ్ళు నివేదించిన ఇంట ఏ అతిథికిని చిక్కు రాదు.

ఇంటిలోపల ఇంకొక అన్యాయము జరుగుచున్నది. అనేక కుటుంబములలో ఇల్లాలు కడపట తినును. ఆమెయే మధుమేహరోగి ఐనప్పుడు ఆమె కంచములో మిగులునది ఏమి? కూర అయిపోయియుండును, పప్పు అడుగంటియుండును. అన్నము మాత్రము మిగిలియుండును. పారవేయుటకు మనసొప్పక ఆ అన్నమునే పచ్చడి మెతుకులతో తినివేయును. పగలంతయు బీడీలు చుట్టి, మందు వేళకు తినక, వేళగాని వేళ అన్నమే తిను ఆ తల్లికి ఏ వైద్యుడు ఎంత మంచి పట్టిక వ్రాసియిచ్చినను ఫలమేమి? ఆమె కూరను ముందుగానే తీసి పక్కన పెట్టి, ఆమెను వేళకు కూర్చుండబెట్టు కొడుకు గాని, కోడలు గాని చేసిన పని ఏ దాన ధర్మములకును తీసిపోదు. అన్నము వ్యర్థము కారాదనుట సత్యమే; దానికి దారి కొలిచి వండుట గాని, తల్లి దేహమును గాదెగా చేయుట కాదు.

దీనికి ఎదురుగా వేరొక అతిశయము కలదు. రోగి ప్రతి ముద్దకు కాపలా కాయుట, నలుగురిలో గద్దించుట, పిల్లలచేత హెచ్చరింపజేయుట. దీనివలన రోగి మారడు. దాచుకొని తినుట నేర్చును. దాచుకొన్న ముద్ద కొలతకు అందదు. శ్రీభాష్యము చెప్పిన కడపటి రెండు సాధనములు ఇచట దీపములవంటివి. అనవసాదమనగా క్రుంగిపోకుండుట, అనుద్ధర్షమనగా పొంగిపోకుండుట. ఒకనాడు పథ్యము తప్పినంతమాత్రమున "ఇక నావల్ల కాదు" అని విడిచిపెట్టరాదు. ఒక పరీక్షలో అంకె మంచిగా వచ్చినంతమాత్రమున "నయమైనది" అని నియమమును వదలరాదు. ఇది ఏండ్ల తరబడి నడుచు వ్రతము. దీనికి ఉద్యాపన దినము లేదు. ప్రతిదినము మరల పూనవలసినదే. సంధ్యావందనము ప్రతిదినము మరల చేయవలసినట్లే. ఇల్లంతయు అదే వంటను కొంచెము కొంచెము అలవరచుకొనినచో రోగి ఒంటరి కాడు. ఇంటిలోని పిల్లలకును అది ముందుజాగ్రత్త అగును.

నృసింహ శతకమును రచించిన శేషప్పకవి ధర్మపురి నివాసి. కడపటి గడియలో వాతపిత్తకఫములు కమ్మి, భ్రమ ఆవరించి, నీ నామమును తలపగలనో లేదో, కనుక తెలివి ఉన్న ఇప్పుడే తలచెదనని ఆయన స్వామితో మొరపెట్టుకొన్నాడు. దేహము చెదరినప్పుడు స్మరణ చెదరునన్న భయము ఆ మహాకవికే కలిగినది. ఆ భయము గలవాడు దేహమును నిర్లక్ష్యము చేయడు. పథ్యము మృత్యువును జయించు ఉపాయము కాదు. స్మరించుటకు తగిన దినములను తెలివితో నిలుపుకొను ప్రయత్నము. అట్లు చూచినవానికి కంచములో తగ్గించుకొన్న పిడికెడు అన్నము నష్టము కాదు, సమర్పణము. సన్నిధిలో కణమంత ప్రసాదము పుచ్చుకొని తక్కినది పంచిన చేయి రిక్తహస్తము కాదు.

ధర్మపురి శ్రీ లక్ష్మీనృసింహుడు భక్తులకు ప్రసాదమునందు భక్తిని, పథ్యమునందు ధృతిని, పరస్పరము దయను అనుగ్రహించుగాక!